దుర్యోధనుడి వీపు

వెంకటముని దుర్యోధనుడంటే ఊళ్లో కుక్క కూడా నమ్మదు. షుగరొచ్చి ఎముకల గూడైపోయాడు. అయినా చిత్తూరు పక్కన వాళ్ల ఊరి భారతం ఉత్సవంలో ఇరవై రెండేళ్లుగా ఆ వేషం ఆయనదే. ఈసారి నారాయణ అనే బొద్దు కుర్రాడికిస్తామని ఉత్సవ పెద్ద రఘునాథ్ తేల్చేశాడట. అందుకే తిరుపతిలో నా షెడ్డుకొచ్చి, ఒంటికి తొడుక్కునే కండల సూటు చేసిపెట్టమన్నాడు.

సినిమాలకు చేసినవాణ్ని, పొగరు లేకుండా ఎలా ఉంటుంది? స్పాంజి ముక్కలు అతికించి, కత్తెరతో చెక్కి, పైన రబ్బరు పాలు ఆరు పూతలు పూశాను. ఛాతీ సరే, ఆ వీపు! అలాంటిది నా జన్మలో చెయ్యలేదు.

"అబ్బా, ఎనకాల జిప్పు పెట్టు. ఎండలో ఊపిరాడదు," అన్నాడాయన.

"జిప్పు పెడితే దిండు గలీబులా ఉంటావన్నా. వేసినాక గమ్ముతో మూసేస్తా. గంటసేపు ఓర్చుకోలేవా?"

"వేషం పోతే నేనేమైపోవాల? ఓర్చుకుంటాలే."

నాకు జాలి కలగలేదు. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

మే నెల, పగలు పదకొండు గంటలకు దుర్యోధన వధ. నేల మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడు వెంకటమునిని తరుముతున్నాడు. నేను వీపునే చూస్తున్నాను. మూడో చుట్టులో, గద తగలకముందే పడిపోయాడు. జనం ఈలలేశారు. ఆయన మెడ దగ్గర రబ్బరును గోళ్లతో లాగుతుంటే అదీ నటనే అనుకున్నారు. నాకు తెలుసు. తెలిసీ నిలబడ్డాను.

ఆయన భార్య సంతోషమ్మ కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఊపిరాడలేదప్పా ఆయనకి. కోసేస్తా, జరుగు."

"కొయ్యొద్దమ్మా. రెండు నిమిషాల్లో నేనే ఊడదీస్తా," అంటూ కత్తి లాక్కున్నాను. అతుకు చిరక్కుండా అంగుళం అంగుళం విప్పాను. పది నిమిషాలు పట్టింది. లోపలి నుంచి చెమట కాలవ కట్టింది, మనిషి మాత్రం కదల్లేదు. సంతోషమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుని, పిలిచి పిలిచి ఆగిపోయింది.

శవం కోసం ఆటో రాకముందే రఘునాథ్ వచ్చి, సూటును తిరగేసి చూశాడు.

"యాడా సినగలేదే. వచ్చే ఏడు నారాయణకి సరిపోతాదా?"

సంతోషమ్మ తలెత్తి నా వైపు చూసింది.

"నడుం దగ్గర కొంచెం వదులు చెయ్యాల," అన్నాను.