మా వీధి మీద ఎర్ర చుక్కలు

రాబోయే ఇరవై ఏళ్లలో ఊళ్లో ఏ జాగాలో ఏముండాలో జనాన్నే అడిగి రాసుకుంటామని మునిసిపాలిటీవాళ్లు ఆటోలో మైకు పెట్టి చెప్పారు. మా వీధిలో ముప్పై ఒక్క ఇళ్లు. ఇంటి పెద్దలం ఇంటికొకరం కలిసే వెళ్లాం. పెద్దవాళ్లలో అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి నేనే కాబట్టి నన్ను ముందు నడవమన్నారు.

స్కూలు గదిలో నాలుగు బల్లలు కలిపి ఊరి మ్యాపు పరిచారు. పక్కన రెండు పళ్లేల్లో అంటించే చుక్కలు, ఒకదాంట్లో పచ్చవి, ఒకదాంట్లో ఎర్రవి. మ్యాపు అంచున చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంది. వంగి మొదటి మాట పట్టుకునేలోపే వెనకవాళ్లు తోసుకొచ్చారు. బల్ల దగ్గరున్న అమ్మాయి ఫోనులో మాట్లాడుతోంది. ఆమెను అడగాల్సింది. అడగలేదు.

నాది తాపీ పని. గోడ ఎక్కడ లేవాలో మేం ఎర్రపొడి అద్దిన తాడుతోనే గుర్తు వేస్తాం. మా ఇల్లు వెతికి దాని మీద ఎర్రది అంటించాను.

"ఏది పెట్టాలి అన్నయ్యా?" పక్కింటి ఇస్త్రీ ఆమె అడిగింది.

"ఎర్రది పెట్టమ్మా. ఎవరిల్లు ఎక్కడుందో బాగా కనిపిస్తుంది."

"మా బావ నోరు విప్పాడు, ఇవాళ కుండపోత వానే," అన్నాడు సైకిలు షాపు నడిపే మా బావమరిది. అందరూ నవ్వారు. అందరూ ఎర్రదే పెట్టారు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఈలోగా అల్లుడు పోయాడు. కూతురు ఇద్దరు పిల్లలతో మా దగ్గరికొచ్చింది. ముగ్గురూ వంటగదిలో పడుకుంటున్నారు. వెనక ఒక గది వేద్దామని పర్మిషను కోసం ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీ వీధిలో ఇక గోడ లేపడానికి లేదు తాతా. అక్కడ లారీల స్టాండు వస్తుంది. ఇళ్లన్నీ తీసేస్తారు. మీరే కదా అడిగారు."

"మేమా?"

"పచ్చ చుక్కంటే ఉంచండని. ఎర్రదంటే మార్చేయండని. రాసే ఉంది కదా. ఊరు మొత్తం మీద ఒక్క పచ్చ చుక్కన్నా లేని వీధి మీదే."

ఇంటికొచ్చి చెప్పాను. కూతురు పొయ్యి మీంచి చూపు తిప్పలేదు.

"అడిగితే ఏం పోయేది నాన్నా," అంది.

అభ్యంతరాలు వినడానికి ఇంకా ఒక రోజు మిగిలి ఉంది. ఆ రోజు వీధంతా పిల్లాజెల్లాతో ఆఫీసుకొచ్చింది. నేను చెప్పేట్టు, వాళ్లు ఔననేట్టు ముందే అనుకున్నాం. మైకు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. తెలియక ఎర్రది పెట్టానని, నా మాట విని వాళ్లూ పెట్టారని.

అధికారి మంచివాడే. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"ఒక్కరి మాట మీద ముప్పై ఒక్కటి మార్చలేను పెద్దాయనా. అక్కడ రాసింది చదవలేకపోయినవాళ్లు లేచి నిలబడండి. రాసుకుంటాను."

ఎవరూ లేవలేదు. గదిలో కోడళ్లున్నారు, అల్లుళ్లున్నారు, బళ్లో చదివే పిల్లలున్నారు. మా బావమరిది తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. ఇస్త్రీ ఆమె సగం లేచినట్టే లేచి, పక్కనున్న మనవరాల్ని చూసి చీర సర్దుకుని కూర్చుంది. నేను పేరు పెట్టి పిలిస్తే ఒకరిద్దరు లేచేవాళ్లేమో. నలుగురిలో నీ పరువు తీసుకోమని ఎవర్ని అడగను?

అధికారి కలం తీశాడు. "ఒక అభ్యంతరం," అని పైకే అనుకుంటూ రాసుకున్నాడు. తర్వాతి వీధిని పిలిచాడు.

తిరిగొచ్చేటప్పుడు ఇస్త్రీ ఆమె మనవరాల్ని ముందుకు పంపేసి నా పక్కన నడిచింది.

"దానికి రోజూ పాఠం నేనే అప్పజెప్పించుకుంటాను అన్నయ్యా. పుస్తకం పట్టుకుని, తప్పు చెబితే కళ్లెర్ర చేస్తాను. నానమ్మకి చదువొచ్చనే అనుకుంటుంది."

"సరేలేమ్మా," అన్నాను.