పాటలు పెట్టే లోకనాథ్

మదనపల్లెలో లోకనాథ్‌కు ఫ్యాన్లు, మిక్సీలు అమ్మే దుకాణం ఉంది. ఒక ఆదివారం ఆయన భార్య వనిత, జంటలుగా డాన్సు నేర్పే క్లాసులో చేరతానంది. కల్యాణమండపం పైహాల్లో నేర్పుతున్నది సుప్రియ. బెంగళూరులో నేర్చుకుని, పెళ్లయి ఈ ఊరికి వచ్చిన మనిషి. ఆ డాన్సులో ఆడా మగా చేతులు పట్టుకుంటారని విని లోకనాథ్ ముభావంగా తిరిగాడు. వద్దంటే పాతకాలం మనిషంటుందని భయం. చివరికి తనూ చేరాడు. తను పక్కనుంటే వనిత చెయ్యి ఇంకొకరు పట్టుకోరు కదా అని ఆయన ధీమా.

తీరా చూస్తే లోకనాథ్‌కు తాళం అందదు. అందరూ కుడికి కదిలితే ఆయన ఆలోచించి కదిలేవాడు. అప్పటికి అందరూ ఎడమకు వచ్చేసేవారు. వనిత పాదాలు వాచాయి. సుప్రియ జంటలు మార్చినప్పుడు, భర్త ధనుంజయతో పుంగనూరు నుంచి వచ్చే లత ఒకసారి లోకనాథ్‌తో ఆడింది. మరుసటి వారం నుంచి ఆమెకు మోకాలి నొప్పి. వేరేవాళ్లతో ఆడేటప్పుడు మాత్రం ఆ నొప్పి ఉండేది కాదు.

తప్పు తనది కాదు, పాటలదని లోకనాథ్ వాదించాడు. ఒక పాటలో డోలు ఎక్కడ మొదలవుతుందో తెలియదట, ఇంకొకటి మధ్యలో పరుగెత్తుతుందట. విసిగిపోయి సుప్రియ ఒకరోజు తన ఫోను ఆయన చేతిలో పెట్టింది.

"అన్నా, ఇంక పాటలు నువ్వే పెట్టు. ఆడేవాళ్లను సూసి పెట్టు."

ఆయన్ని ఆటలోంచి తప్పించడానికే అలా అంది. లోకనాథ్ దాన్ని ప్రమోషన్ అనుకున్నాడు.

మొదటి వారం తనకిష్టమైన విషాద గీతాలు పెట్టాడు. జంటలు అడుగు వేయలేక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డాయి. ఆయనకు పౌరుషం వచ్చింది. అప్పటి నుంచి పాట పెట్టి, ఆడేవాళ్ల కాళ్లే చూసేవాడు. చెవికి అందనిది కంటికి అందింది. డోలు దెబ్బ స్పష్టంగా పడితే కొత్తవాళ్లు కూడా తడబడరు. పాడేవాడు రాగం సాగదీస్తే అందరూ ఆగిపోతారు. వరసగా హుషారు పాటలైతే పెద్దవాళ్లు కుర్చీలు వెతుక్కుంటారు, నడుమ ఒక నిదానం పాట పడితే మళ్లీ లేస్తారు. కొన్ని నెలలకు హాలు నిండిపోయింది.

వనిత ఎక్కువగా ధనుంజయతో ఆడేది. వాళ్లు అలిసి విడిపోవాలని లోకనాథ్ ఒకసారి మహా వేగమైన పాట పెట్టాడు. మిగతావాళ్లు చతికిలబడ్డారు, వాళ్లిద్దరూ గిరగిరా తిరిగి చప్పట్లు కొట్టించుకున్నారు. ఇంకోసారి, విసుగు పుట్టాలని బాగా నిదానమైనది పెట్టాడు. అది ఇంకా ఘోరం. వాళ్లు దగ్గరగా, నవ్వుకుంటూ ఆడారు. అయ్యాక ధనుంజయ వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మా కాళ్లకు కొలత తీసి కుట్టినట్టుండాదన్నా నీ పాట."

మనస్ఫూర్తిగానే అన్నాడు. లోకనాథ్ థాంక్స్ చెప్పాల్సి వచ్చింది.

ఆ వేసవిలో కుప్పంలో ఒక పెళ్లి రిసెప్షన్‌లో ఆడటానికి ఈ క్లాసువాళ్లను పిలిచారు. బంధువుల్లో చాలామంది తమిళం, కొందరు కన్నడం మాట్లాడేవాళ్లు. లోకనాథ్ మూడు భాషల పాటల్లోనూ ఒకే వేగంలో ఉండేవి ఏరి, ఒకదాని వెంట ఒకటి పెట్టాడు. భాష మారినా కాళ్లు ఆగలేదు. పెళ్లికొడుకు మేనత్త మునిలక్ష్మమ్మ, భోజనాల దగ్గరున్న మొగుణ్ణి చెయ్యి కూడా కడుక్కోనివ్వకుండా లాక్కొచ్చింది.

అప్పుడు వనిత వచ్చి లోకనాథ్‌ను ఆడదాం రమ్మంది. పాటలెవరు చూస్తారన్నాడు. సుప్రియ చూస్తుందంది. లోకనాథ్ వెళ్లాడు, వెళ్లగానే ఆమె కాలు తొక్కాడు. ఆయన చూపు పక్క జంటల కాళ్ల మీదే ఉంది.

"పాట ఎట్లుండాది?" అని అడిగాడు.

"పాట బాగుండాది. పెట్టిన మనిసికే అందలా," అంది వనిత.

అయినా ఆమె వదిలిపెట్టలేదు. పాట అయ్యేదాకా ఆయన తొక్కుతూనే ఉన్నాడు, ఆమె ఓర్చుకుంటూనే ఉంది. లోకనాథ్‌కు చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది.

ఇప్పుడు పుంగనూరులో కొత్త క్లాసు నడుస్తోంది. నేర్పేది వనిత, ధనుంజయ. శనివారం సాయంత్రం లోకనాథ్ దుకాణం తొందరగా మూసి, భార్యను బైకు మీద తీసుకుపోతాడు. కొత్తవాళ్లకు ముందు వాళ్లిద్దరూ ఆడి చూపించాలి. దానికి ఏ పాటైతే బాగా కుదురుతుందా అని దారి పొడుగునా ఆలోచిస్తుంటాడు.