క్రేన్ మీదికి రెండు సీసాలు

నాలుగేళ్ల కింద క్రేన్ ఆపరేటర్‌కు చిన్నపేగులో సగం పైగా తీసేశారు. అప్పటినుంచి తిన్న కొవ్వు సరిగా అరగదు. మనిషి చిక్కిపోతున్నాడని వాళ్లక్క రోజూ పొద్దున్నే గ్లాసుడు పాలకూర రసం, గుప్పెడు బాదంపప్పు ఇచ్చేది. కిందటేడు కిడ్నీలో రాయి పడ్డాక పాలు, పెరుగు మాన్పించింది. రాయి అంటే కాల్షియమే కదా అనుకుంది.

అతను డ్యూటీలో నీళ్లు ముట్టడు. క్యాబిన్ అరవై మీటర్ల ఎత్తున ఉంది. ఒంటేలుకని ఒకసారి దిగి ఎక్కితే అరగంట పని ఆగుతుంది.

వికారం, నీరసం వచ్చి ఆసుపత్రికి వెళ్తే, రక్తంలో ఒకటి ఉండాల్సిన క్రియాటినిన్ 3.8 ఉంది, అంటే కిడ్నీలు సరిగా వడపోయడం లేదు. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. రిపోర్టు చదివి డాక్టరమ్మ అడిగింది, "పొద్దున్నే ఏం తాగుతావు?"

"పాలకూర రసమండీ," అక్క అందుకుంది. "ఒక్కరోజు కూడా మానలేదు."

"ఇవాళ్టితో మానెయ్యండి. పాలకూరలో, బాదంలో ఆక్సలేట్ ఎక్కువ. కాల్షియం దాన్ని పేగులోనే పట్టుకుని బయటికి పంపేస్తుంది. మీ తమ్ముడికి అరగని కొవ్వు ఆ కాల్షియాన్ని లాగేసుకుంటోంది. పైగా పాలు, పెరుగు మాన్పించానన్నారు. ఆక్సలేట్ కిడ్నీకి చేరి గడ్డకట్టింది."

అక్క సంచీ పట్టీని మెలిపెట్టింది. "అంటే నా చేత్తో నేనే..."

"ఊరుకో అక్కా. ఆ పచ్చరసం పీడ వదిలింది, అది చాలు."

"నోర్ముయ్‌రా. మూతి తుడుచుకుని ఇంకో గ్లాసు అడిగింది నువ్వు కాదూ?"

అతను డాక్టరమ్మ వైపు తిరిగాడు. "మళ్లీ క్రేన్ ఎక్కొచ్చా?"

"రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగితే ఎక్కొచ్చు. తాగకపోతే డయాలసిస్ దాకా వస్తుంది."

నూనె తగ్గించారు. పెరుగు మళ్లీ మొదలైంది. ప్రతి పూటా అన్నంతో పాటు కాల్షియం మాత్ర వేసుకున్నాడు. రెండు నెలలకు క్రియాటినిన్ 2.1కి దిగింది. "ఇంతకంటే తగ్గకపోవచ్చు. పెరగకుండా చూసుకోవడం నీ పని," అని డాక్టరమ్మ డ్యూటీ కాగితం మీద సంతకం పెట్టింది.

సోమవారం ఉదయం క్రేన్ కింద మేస్త్రీ అతని సంచీలోకి తొంగిచూశాడు. రెండు సీసాలు. నిండుదాని మీద అక్క గంటకో గీత గీసింది.

"ఖాళీది ఎందుకు బాబాయ్?"

"దిగేటప్పుడు అది నిండుంటుంది. నువ్వు నిచ్చెన కింద నిలబడకు."

తొమ్మిదింటికి కొక్కెం ఖాళీ అయింది. అతను మొదటి గీత దాకా తాగి, పైకెత్తమని కింద నుంచి సైగ రాగానే లీవరు అందుకున్నాడు.