మాణిక్యాంబ గారి కులాసా

గోదావరి జిల్లాల వాళ్ళని "ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడగడమంత దండగమారి పని ఇంకోటి లేదు. కాలు విరిగి మంచాన పడ్డవాడు కూడా "మీ దయవల్ల బాగానే ఉన్నానండి, కూర్చోండి, కాఫీ తాగుతారా?" అంటాడు. అడిగినవాళ్ళ మనసు కష్టపెట్టకూడదు మరి! ఈ సంగతి మధులతకి తెలియనిదేం కాదు. పుట్టింది అమలాపురంలోనే. తెలిసి తెలిసీ రోజంతా ఆ ప్రశ్నే అడిగే ఉద్యోగంలో చేరింది.

రాజమండ్రిలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి, అందులో ఎముకల డాక్టరు సూర్యనారాయణమూర్తి గారు. మోకాళ్ళ నొప్పులకి కొత్తగా వచ్చిన ఒక మాత్రని ఆయన కొందరు పేషెంట్లకి రాస్తున్నారు. మందుల చదువు ఫార్మ్-డి చదివిన మధులత వాళ్ళకి వారం వారం ఫోన్ చేసి, వాంతులున్నాయా, ఆకలి తగ్గిందా, కళ్ళు పచ్చబడ్డాయా అని అడిగి, వాళ్ళు చెప్పింది ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఎక్కించాలి. రక్తపరీక్ష మొదట్లో ఒకటి, మళ్ళీ మూడు నెలలకి ఒకటి. మధ్యలో అంతా ఫోనే.

ఇదివరకు ఇలాంటి రిపోర్టులు కాగితాల మీద పంపితే ఎవరైనా చదివేసరికి ఏడాది గడిచేది. ఇప్పుడు దేశంలో ఏ మూల ఎక్కించినా ఆ క్షణంలోనే అన్ని ఆసుపత్రులకీ కనబడుతుంది. ఏ ఇబ్బందీ లేకపోతే ఆకుపచ్చ గుర్తు, ఇబ్బంది ఉంటే పసుపు గుర్తు, మనిషి పోతే ఎర్ర గుర్తు. మాత్ర వల్లే పోయారని ఒక్క కేసు తేలినా చాలు, కొత్తవాళ్ళకి ఇవ్వడం ఆపి, పాతవాళ్ళందరికీ వెంటనే పరీక్షలు చేయిస్తారు. గొప్ప ఏర్పాటు, కాదనడానికి లేదు. కాకపోతే, మర్యాద కోసం కూడా మనుషులు అబద్ధం చెబుతారని దాన్ని తయారుచేసిన మహానుభావులకి తట్టినట్టు లేదు.

ఆ డేటాబేస్‌లో రాజమండ్రి వరస ఎప్పుడు చూసినా ఆకుపచ్చగా కళకళలాడుతూ ఉండేది. "మన పేషెంట్లు బంగారాలమ్మా" అని డాక్టరుగారు మురిసిపోయేవారు.

ఆ బంగారాల్లో మాణిక్యాంబ గారొకరు. రావులపాలెం దగ్గర ఊళ్ళో అరటితోటల రైతు వీరబాబు గారి భార్య. మధులత ఫోన్ చేస్తే ఆవిడే ఎదురు ప్రశ్నలు వేసేవారు.

"కులాసాగానే ఉన్నానమ్మాయ్. నువ్వు అన్నం తిన్నావా?"

"తిన్నానండీ. మీకు ఆకలి ఎలా ఉంది పిన్నిగారూ?"

"దానికేం, శుభ్రంగా ఉంది. ఈసారి వచ్చినప్పుడు నీకు చక్కెరకేళి అరటిపళ్ళు ఓ అత్తం తెస్తాను చూడు."

మధులత నవ్వుకుంటూ 'ఏ ఇబ్బందీ లేదు' అని నొక్కేసేది. చివరిసారి మాట్లాడినప్పుడు ఆవిడ గొంతు నీరసంగా ఉంది. మధులతకి అనుమానం రాకపోలేదు. కానీ ఇంకా చాలామందికి ఫోన్లు చెయ్యాలి. అప్పుడూ నొక్కేసింది.

మరుసటి వారం వీరబాబు గారు ఫోన్ ఎత్తారు. "మీ పిన్ని వెళ్ళిపోయిందమ్మా" అన్నారు.

కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే స్పృహ లేదట. లివర్ పూర్తిగా పాడైపోయిందన్నారు. పోస్టుమార్టం ఎందుకులే అని ఇంటికి తెచ్చేసుకున్నారు. మధులత ఎర్ర గుర్తు పెట్టింది. చావు మాత్ర వల్లా కాదా అన్నది తేల్చేది ఈ రిపోర్టులన్నీ చూసే బెంగళూరు ఆఫీసు. వాళ్ళే ఇంటివాళ్ళకి ఫోన్ చేసి అడుగుతారు. కారణం తేల్చే పరీక్షలేవీ లేని చోట ఇంటివాళ్ళు చెప్పిందే ఆధారం.

వాళ్ళు ఫోన్ చేసే రోజునే మధులత ఆ ఊరు వెళ్ళింది. అప్పటికి పెద్దకర్మ అయిపోయింది. వసారాలో కుర్చీ మీద దండ వేసిన ఫొటో పెట్టారు. వీరబాబు గారు ఉన్నట్టుండి ముసలివాడైపోయినట్టు కనిపించారు. అయినా ఆమె చెప్పులు విప్పేలోపే లేచి, ఫ్యాను తన వైపు నుంచి ఆమె వైపు తిప్పారు.

"ముందు ఆకలి పోయిందమ్మా. ఆ తర్వాత వాంతులు. కళ్ళు పసుపు ముద్దల్లా అయిపోయాయి. అప్పుడు కామెర్లేమోనని పసరు పోయించాం. అదీ కడుపులో నిలవలేదు."

"మరి నాతో ఒక్కసారి కూడా చెప్పలేదేంటండీ?"

"నీ ఫోన్ వస్తే ఓపిక లేకపోయినా లేచి కూర్చునేది. ఆ పిల్ల అంత ఆప్యాయంగా అడుగుతుంటే మీ మందు పడలేదని ఎలా చెప్పనండీ, పాపం దాని మీదికి మాట రాదూ అనేది నాతో."

మధులత ఏడ్చేసింది. ఆపుకుందామని కూడా అనుకోలేదు. తన ఆప్యాయతే ఆవిడ నోరు నొక్కేసింది. కరుకుగా, విసుక్కుంటూ అడిగి ఉంటే ఆవిడ నిజం చెప్పి ఉండేవారేమో, బతికి ఉండేవారేమో.

కళ్ళు తుడుచుకుని పనిలో పడింది. "బాబాయ్ గారూ, కాసేపట్లో బెంగళూరు నుంచి ఫోన్ వస్తుంది. ఇప్పుడు నాతో చెప్పినట్టే చెప్పండి. ముందు మాత్ర, తర్వాత వాంతులు, ఆ తర్వాతే పసరు. పక్కింటి లోవలక్ష్మి గారు కూడా ఆ మాత్రే వేసుకుంటున్నారు."

లోవలక్ష్మి గారిని డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వచ్చింది మాణిక్యాంబ గారే.

"అలాగే చెబుతానమ్మా. నీకేం ఇబ్బంది రాదు కదా?"

"నాకేమైనా పర్వాలేదండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఏమీ రాదండి అని తేలిగ్గా అబద్ధమాడి ఉంటే సరిపోయేది. వీరబాబు గారు ఆమె మొహం వంక ఒకసారి చూసి, తలాడించారు.

ఫోన్ వచ్చింది. ఆయన స్పీకర్ పెట్టారు. బెంగళూరు నుంచి సారిక అనే అమ్మాయి, తెలుగు పిల్లే, ఓపిగ్గా ఒక్కొక్కటే అడిగింది.

"మాత్ర బ్రహ్మాండంగా పనిచేసిందండి. ఏ ఇబ్బందీ లేదండి."

"మరి కామెర్లు ఎలా వచ్చాయండీ?"

"పసరు వల్లేనండి. అది ఎప్పటినుంచో తాగేదండి, మీ మాత్ర మొదలెట్టకముందు నుంచీ."

"బాబాయ్ గారూ!" అని అరిచింది మధులత.

"పక్కన ఎవరండీ?" అంది సారిక.

"మా అమ్మాయండి" అన్నారు వీరబాబు గారు.

మధులత ఫోన్ లాక్కుని తనెవరో చెప్పింది, జరిగిందంతా చెప్పింది.

"మీరు అక్కడ ఉండకూడదు కదండీ," అంది సారిక. "ఇప్పుడు ఆయన మాట మార్చినా మీరు చెప్పించినట్టే అవుతుంది. పైగా ఆయన చెప్పిందీ, ఇన్నాళ్ళూ మీరు ఎక్కించిందీ ఒక్కటేనండి. నేనేం చెయ్యను?"

ఫోన్ పెట్టేసింది.

"ఎందుకండీ అలా చెప్పారు?"

"పోయినావిడ ఎలాగూ రాదమ్మా. నీకు మాట రాకూడదనే కదా అది అంత బాధా ఓర్చుకుంది. ఇప్పుడు నేను నీ ఉద్యోగం పోగొడితే దాని ఆత్మ ఊరుకుంటుందా?"

"నా ఉద్యోగం తగలెయ్యండి!" అంది మధులత. పెద్దాయన ఉలిక్కిపడ్డారు. పిల్లకి ఎందుకు కోపం వచ్చిందో అర్థంకాక, "మజ్జిగ తాగుదువుగాని" అంటూ లోపలికి వెళ్ళారు.

మజ్జిగ తెచ్చేలోపే ఆమె ఫోన్‌లో ఎర్ర గుర్తు పక్కన ఒక ముక్క చేరింది. 'మాత్రకి సంబంధం లేదు' అని. అంతే, మాణిక్యాంబ గారి చావు సంగతి అక్కడితో ముగిసిపోయింది. చెప్పకుండా దిగి వెళ్ళడమే చావింటి పద్ధతి గనక, మధులత ఇంకో మాట లేకుండా మెట్లు దిగి పక్కింటికి నడిచింది.

లోవలక్ష్మి గారు పెరట్లో బట్టలారేస్తున్నారు. మధులత ఆవిణ్ణి ఎండలోకి లాగి, కంటి రెప్పలు కిందికి దించి చూసింది. కళ్ళు తెల్లగానే ఉన్నాయి. ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది.

"మీరు ఆ మాత్రలు ఈ క్షణమే ఆపెయ్యాలండి. మాణిక్యాంబ గారు వాటి వల్లే పోయారు."

ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. లోపలికి పరుగెత్తి మాత్రల అట్ట తెచ్చి, ఆమె కళ్ళ ముందే గోడవతలి కాలవలోకి విసిరేశారు. "ముట్టుకుంటే ఒట్టు" అన్నారు.

"అది చాలదండి." మధులత ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. "వచ్చే వారం నా బదులు ఇంకెవరైనా ఫోన్ చెయ్యొచ్చు. భయమేసి మానేశానని చెప్పండి. ఎందుకు మానేశారో కూడా చెప్పండి. ఎన్నో ఊళ్ళలో మీలాంటి వాళ్ళు వేసుకుంటున్నారు. మీరు చెబితేనే వాళ్ళ సంగతి ఎవరైనా పట్టించుకుంటారు."

లోవలక్ష్మి గారు ఆ పిల్ల ఉబ్బిన కళ్ళ వంక జాలిగా చూసి, కొంగుతో ఆమె మొహం తుడిచారు.

"ఎవరు ఫోన్ చేసినా, మాత్ర రోజూ వేసుకుంటున్నాను, కులాసాగా ఉన్నాననే చెబుతానమ్మా. నువ్వేం బెంగ పెట్టుకోకు. నీ మీద మాట పడనిస్తానా?"