అక్క ఇచ్చిన పెన్‌డ్రైవ్

చనిపోయిన బావ టాబ్లెట్ కంపెనీ గుర్తు దగ్గరే ఆగి మొరాయిస్తోందని అక్క చెబితే, తమ్ముడు వచ్చి వంటింటి బల్ల మీద పని మొదలుపెట్టాడు. ఈ పని అతనికి వెన్నతో పెట్టిన విద్య. అందుకే ఏదీ ఆగి చదవడు. అక్కనడిగి తీసుకున్న పెన్‌డ్రైవ్‌ను తన లాప్‌టాప్‌కు గుచ్చాడు. ‘ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?’ అని అది అడిగింది. రోజూ ఉండే గోలేగా అని సరే నొక్కి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందులోకి ఎక్కించాడు.

పెన్‌డ్రైవ్‌ను టాబ్లెట్‌కు తగిలించాక మాత్రం చెయ్యి ఆగింది.

“అక్కా, కొత్తది వేస్తే ఇందులో పాతవన్నీ పోతాయి. బావ ఫొటోలూ, మాట్లాడినవీ వేరేచోట దాచావా?”

“ఎప్పుడో దాచానురా. నువ్వు కానియ్.”

కానిచ్చాడు. కాసేపటికి టాబ్లెట్ నిన్ననే కొన్నట్టు వెలిగి స్వాగతం పలికింది.

“ఏవీ, ఆ దాచినవి ఇలా ఇవ్వు. మళ్ళీ ఎక్కిస్తాను.”

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, టాబ్లెట్‌కు వేలాడుతున్న పెన్‌డ్రైవ్‌ను చూపించింది.

“అదేగా పొద్దున నీకిచ్చింది! వాటికోసమే అడుగుతున్నావనుకున్నాను. ముందు ఆయన గొంతు వినిపించరా,” అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.