ఎండు మొక్కల గది

"ఈ గది ఖాళీ చేయించడం నీ తరం కాదు, నీ తాత తరం కాదురా అత్తిపత్తీ!" అన్నాడు రిటైరైన ప్రొఫెసర్.

"తాత లేడు సార్. కమిటీ ఉంది," నవ్వాడు హెడ్డు.

ఒకప్పుడు పేరు పిలిస్తే చాలు, ముడుచుకుపోయే శిష్యుడు. అందుకే ఆ ముద్దుపేరు. ఇప్పుడు వృక్షశాస్త్ర శాఖకు అతనే పెద్ద. ఏకు మేకై కూర్చుంది.

గది నిండా ఇనప బీరువాలు. వాటిలో అట్టలకు కుట్టిన ఎండు మొక్కలు. ప్రొఫెసర్ ఉద్యోగమంతా అడవుల వెంట తిరిగి తెచ్చినవి. కొన్ని ఇప్పుడు ఏ అడవిలోనూ లేవు. ఆ చోటు కంప్యూటర్లకు కావాలట.

కమిటీ వచ్చింది. ప్రొఫెసర్ ఒక్కో అట్టా తీసి చూపించాడు. వైస్ చాన్సలర్ మెత్తబడ్డాడు. "నిన్న కోసినట్టున్నాయండీ!"

హెడ్డు వినయంగా అందుకున్నాడు. "ఒక్క పురుగు చిల్లు లేదు. ఎలా కాపాడారో మీరే చెప్పాలి సార్."

ప్రొఫెసర్ ఛాతీ పొంగింది. "పాదరసం మందు! ప్రతి మొక్కకూ నా చేత్తో పూశాను. ముట్టిన పురుగు బతకదు!"

వైస్ చాన్సలర్ చటుక్కున అట్ట వదిలేసి రుమాలు తీశాడు.

"పిల్లలు తిరిగే చోట విషమా?"

హెడ్డు తల దించుకున్నాడు. చదువుకునే రోజుల్లో ఆ మందు కలిపి ఇచ్చింది అతనే.

"పొగిడేవాడు దొరికితే చాలు, మీకు ఒళ్ళు తెలీదు," అంది ఇంట్లో భార్య. "వాడు గొయ్యి తవ్వాడు. మీరు లోతు చూసి మరీ దూకారు."

సోమవారం మాస్కుల మనుషులు వచ్చారు. మొక్కల్ని సంచుల్లో కుక్కి తగలబెట్టడానికి మోసుకుపోతున్నారు. చూడలేక ప్రొఫెసర్ హెడ్డు గదిలోకి నడిచాడు. గోడ మీద గాజు పెట్టె. అందులో ఒక ఎండు మొక్క. హెడ్డు కనిపెట్టింది, అతని పేరు పెట్టింది.

"దీనికీ మందు పూసింది నేనే కదరా?"

"గాజులో ఉంటే ప్రమాదం లేదు సార్."

"మరి మిగతావి?"

"అన్నిటికీ గాజు ఎక్కడ తెస్తాం సార్?"

అంతలో వైస్ చాన్సలర్ లోపలికి వచ్చాడు. హెడ్డు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క మాట చాలు, ఆ పెట్టె కూడా మంటల్లోకే.

ప్రొఫెసర్ మొక్క వైపు చూశాడు. అది మొలిచిన కొండను ఎప్పుడో క్వారీ మింగేసింది. లోకంలో ఇదొక్కటే మిగిలింది.

"ఏం చూస్తున్నారు ప్రొఫెసర్ గారూ?"

"మావాడి మొక్కండీ," అన్నాడు పళ్ళు బిగబట్టి. "జాగ్రత్తగా ఉంచుకోమంటున్నా."