పాతికమంది పాఠకులు

నౌపడ స్టేషనులో దిగి ఉప్పు మళ్ళ గట్టు వెంట రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఊళ్ళో ఒక శాఖా గ్రంథాలయం ఉండేది. పెంకుటిల్లు, రెండు బీరువాలు, ఒక బల్ల, నాలుగు బెంచీలు. వాటన్నిటికీ కలిపి జగన్నాధం ఒక్కడే. తాళం తీసేదీ ఆయనే, ఊడ్చేదీ ఆయనే, చిరిగిన అట్టలకు జిగురు పెట్టేదీ ఆయనే. పదకొండేళ్ళ చాకిరీ తర్వాత కూడా కాగితాల్లో తాత్కాలిక ఉద్యోగే. ఎందుకయ్యా అంటే, శిక్షణ లేదు.

శిక్షణ అంటే బెజవాడలో నాలుగు నెలలు. మొదటిసారి పేరు వచ్చినప్పుడు ఈయన స్థానంలో కూర్చునే మనిషి లేడని పంపలేదు. రెండోసారి ఆర్డరు చేతికందేసరికి అక్కడ పాఠాలు మొదలై మూడు వారాలైంది. ఇది మూడోసారి. వచ్చే ఏడాదికి ఆయనకు నలభై ఐదేళ్ళు దాటుతాయి, ఆపైన తీసుకోరు.

ఉద్యోగం ఖాయం కావాలన్న ఆశ ఉండనే ఉంది. అంతకంటే ఆయన్ని తొలిచేసేది ఇంకొకటి. జిల్లా కేంద్రం నుంచి వచ్చే పుస్తకాల వీపుల మీద అంకెలుంటాయి. మూడంకెలు, ఒక చుక్క, మళ్ళీ రెండంకెలు. వాటి అర్థం ఆయనకు తెలీదు. పదకొండేళ్ళుగా పుస్తకాలను పొడుగును బట్టి సర్దుకుంటూ వస్తున్నాడు. ఆ మాట బయటికి చెప్పుకోవడానికి సిగ్గు. జీవితంలో ఒక్కసారి ఎవరైనా ఎదురుగా నిలబడి, ఇది ఇందుకయ్యా అని చెబితే కూర్చుని వినాలని ఉండేది.

అరవై ఏడు నవంబరులో సర్క్యులరు వచ్చింది. అందులో మెలిక ఉంది. రాబోయే జనవరిలో రోజుకు సగటున పాతికమంది పాఠకుల సంతకాలున్న శాఖలకే శిక్షణలో చోటు. ఫిబ్రవరిలో తనిఖీ.

జగన్నాధం రిజిస్టరులో రోజుకు పది సంతకాలు ఉంటే గొప్ప. అలాగని గ్రంథాలయం ఖాళీగా ఉంటుందా అంటే, లేదు. సాయంత్రమయ్యేసరికి ఉప్పు మళ్ళలో పని దిగిన వాళ్ళు ఇరవైమంది దాకా వచ్చి నేల మీద కూర్చుంటారు. ఆయన పేపరు మొదటి అక్షరం నుంచి చివరి దాకా పైకి చదువుతాడు. వాళ్ళు విని, వాదించుకుని, ఇళ్ళకు పోతారు. వాళ్ళకు చదువు రాదు కనుక రిజిస్టరుకు వాళ్ళు లేనట్టే.

"పోనీ, రోజూ తలో వేలిముద్ర వేయండి," అన్నాడు జగన్నాధం.

వాళ్ళలో పెద్దవాడు దాలయ్య. వెంటనే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏలిముద్రా? నానెయ్యను పంతులూ. మా అయ్య ఏటో కాయితం మీద ఏలిముద్ర ఏసీసి రెండెకరాల పల్లం భూమి పోగొట్టీసినాడు. నువ్వు మంచోడివే, కాయితం మంచిదో కాదో ఎవుడికి తెల్సు?"

దాలయ్య వెయ్యకపోతే మిగతావాళ్ళెవరూ వెయ్యరు. బతిమాలినా లాభం లేకపోయింది.

ఇంటికొచ్చి చెబితే భార్య సుభద్రమ్మ విసుక్కుంది. "ఆ సంతకాలేవో మీరే గిలికీరాదా? లోకమంతా సేసే పనే కదా!"

లోకమంతా చేసే పనే. చేతకాని మొండితనం మాత్రం జగన్నాధానిది. వేలిముద్ర వెయ్యరు గాని పేరు రాయడానికి ఒప్పుకుంటారేమో అడిగి చూశాడు. "పేరైతే రాస్తాం, నేర్పు మరి," అన్నాడు దాలయ్య, అదేదో తనే ఉపకారం చేస్తున్నట్టు.

పేపరు అయ్యాక రోజూ గంటసేపు పలకలు. ఒక్కొక్కరి పేరూ తనే రాసివ్వడం, వాళ్ళు దాని మీదే దిద్దడం. పగలంతా ఉప్పునీళ్ళలో నాని పగిలిన వేళ్ళు, బలపం పట్టుకుంటే విరిగేది. "ఓలమ్మో, నా పేరింత పొడుగేటి!" అని బుజ్జమ్మ రోజూ ఒకసారి ఏడ్చినంత పని చేసేది. జగన్నాధానికి మెడ పట్టేసింది, కళ్ళు మండాయి, అన్నం సయించడం మానేసింది. ఏమైతేనేం, జనవరి ఒకటో తారీఖున దాలయ్య నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ తన పేరు రాశాడు. నెలాఖరుకు సగటు తేలితే ఇరవై ఎనిమిది. ఆ రాత్రి జగన్నాధం కడుపునిండా తిన్నాడు.

జిల్లా కేంద్రం నుంచి తనిఖీకి సీతారామారావు గారు ఎర్రటి ఎండలో నడిచి వచ్చారు. మంచినీళ్ళు తాగి రిజిస్టరు తిప్పారు. తిప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇవన్నీ ఒక్క చేతిరాతే కదండీ!"

జగన్నాధం వంగి చూశాడు. ఆయన య వత్తును కొక్కెంలా కిందికి లాగి రాస్తాడు. దాలయ్య, నరసయ్య, కూర్మయ్య, అందరి పేర్ల కిందా అదే కొక్కెం. ఆయన రాత మీద దిద్దినవాళ్ళకు ఆయన రాతే వచ్చింది. ఆ సంగతి ఆ క్షణం దాకా ఆయనకు తట్టనే లేదు.

ఉప్పు మళ్ళ వైపు పరుగెత్తాడు. మోకాళ్ళ దాకా బురదతో దాలయ్యను వెంటబెట్టుకొచ్చి కలం చేతికిచ్చాడు. దాలయ్య నిదానంగా, కొక్కెంతో సహా, పేరు రాశాడు.

"నిజమేనండీ. అనుమానించినందుకు ఏమీ అనుకోకండి," అన్నారు సీతారామారావు. మంచిమనిషే. బల్ల మీది పేపరు దాలయ్య ముందుకు జరిపారు. "ఏదీ, ఈ వార్త చదువు."

దాలయ్య నవ్వాడు. "అది పంతులు సదువుతాడు బాబూ. మేమింటాం."

సీతారామారావు గారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "చదవలేనివాళ్ళను పాఠకులని నేను పైకి ఎలా రాయను జగన్నాధం గారూ? ఇరవై శాఖలు, రెండు సీట్లు. అలాంటి పేర్లు మీరే కొట్టేయండి, కింద నేను సంతకం పెడతాను."

జగన్నాధం ఎర్రసిరా తీసి పేజీ తర్వాత పేజీ కొట్టేశాడు. ఒక్క పేరు కూడా దాచుకోలేదు. సగటు తొమ్మిదికి దిగింది. సీతారామారావు గారు సంతకం పెట్టి, తలవంచుకుని స్టేషనుకు పోయారు. బెజవాడ ఇక లేదు. ఆ అంకెలేమిటో ఆయనకు ఇక ఎవరూ చెప్పరు.

దాలయ్య పోలేదు. రిజిస్టరు దగ్గరికొచ్చి ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

"ఇది నా పేరు కదా పంతులూ?"

"అవును."

"దాని మీద గీతేటి?"

"కొట్టేశాను."

దాలయ్య పేజీలు వెనక్కి తిప్పాడు. లోకంలో ఆయన చదవగలిగింది ఆ ఒక్క మాటే. అది ఎక్కడున్నా, ఎన్ని గీతల కిందున్నా గుర్తుపట్టి వేలు పెడుతున్నాడు. ఇరవై ఆరు చోట్ల.

"ఏలిముద్ర ఏస్తే భూమి పోయినాది. పేరు రాస్తే పేరే పోయినాదేటి?" అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు. రిజిస్టరు మూసి, "పోన్లే పంతులూ. మిగతా అచ్చరాలు కూడా సెప్పీ. మల్లీపాలి సదివి సూపిస్తాం," అన్నాడు.

"నాకే ఎవరూ చెప్పలేదు దాలయ్యా. నీకేం చెప్పను?"

ఆ మాట అన్నందుకు జగన్నాధం తర్వాత చాలా ఏళ్ళు సిగ్గుపడ్డాడు. ఆరోజు మాత్రం అనేసి, ఇంకా పొద్దుండగానే గ్రంథాలయానికి తాళం వేసి ఇంటికి వెళ్ళిపోయాడు.